పాత మోటారుకార్లు, క్రొత్త విడిభాగములు



ఎడ్లబండి ఇరుసు చీల పోయినచో మనము పట్టణమునకు పోయి చీల కొనము. బండినే కమ్మరి కొలిమికి తోలుకొని పోవుదుము. అతడు ఇనుమును కాల్చి, సాగగొట్టి, రంధ్రములో దూర్చి చూచి, బిగువుగా నున్నచో ఆకురాతితో రాచి, సరిపోవువరకు విడువడు. ఆ చీల ఆ బండిదే. పొరుగువాని బండికి పట్టునని చెప్పలేము. మోటారుకార్లు పుట్టిన క్రొత్తలో వానిని చేసిన వారిలో పెక్కండ్రు ఇట్టి కమ్మరులే. నేడు పురాతనమైన కార్లను బాగుచేయించువారు, "వేలకొలది రూపాయలు పోసి తెప్పించిన క్రొత్త భాగము కుదరలేదు" అని వాపోవుట నేను తరచుగా వినుచుందును. ఆ చిక్కు ఎక్కడినుండి వచ్చినదో కొంచెము చెప్పెదను.

భాగములన్నియు ఒకే కొలతతో చేసి, ఏది దేనికైనను పట్టునట్లు చేయవలెనను పట్టుదల అమెరికాలో హెన్రీ లేలండు అను పనివానిది. సూక్ష్మమైన కొలత పనిముట్లకు పేరుపడిన బ్రౌన్ అండ్ షార్ప్ కర్మాగారములో ఆయన పని నేర్చెను. పిదప కాడిలాక్ కార్లను చేయించెను. 1908లో ఇంగ్లండులోని బ్రూక్లాండ్స్ పందెపు బాటయొద్ద రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు మూడు కాడిలాక్ కార్లను పరీక్షించిరి. ఒక్కొక్క కారును 721 ముక్కలుగా విప్పి, మూడింటి ముక్కలను ఒకే రాశిగా కలిపివేసిరి. అందులో 89 ముక్కలను తీసివేసి, వాని స్థానమున దుకాణములోని సరకును పెట్టించిరి. ఆకురాయి ముట్టరాదు, సుత్తెతో సరిచేయరాదు. మరలు త్రిప్పు పనిముట్లతోనే మూడు కార్లను మరల నిలబెట్టి, ఒక్కొక్కదానిని 500 మైళ్లు నడిపిరి. ఆ సంవత్సరపు డ్యూయర్ బహుమానము కాడిలాక్‌కు దక్కెను.

ఈ కథ విన్నవారు పాతకార్లన్నియు ఇట్లే యుండునని భ్రమపడుదురు. ఆ నియమము యంత్రమునకు చెల్లినంతగా పైతొడుగునకు చెల్లలేదు. రెండవ ప్రపంచయుద్ధము వరకు రోల్స్-రాయిస్ వారు చట్రమును, యంత్రమును మాత్రమే అమ్మెడివారు. పైభాగమును కొనుగోలుదారుడు వేరొక బండ్ల పనివారిచే కట్టించుకొనెడివాడు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములోని నిజాముగారి పసుపువన్నె రోల్స్-రాయిస్‌కు పైభాగమును కట్టినవారు లండనులోని బార్కర్ కంపెనీవారు. ఇట్టి పనివారు కలపతో అస్థిపంజరము నిలిపి, దానిపై రేకును కొట్టి కొట్టి అమర్చెడివారు. కుడి తలుపు ఎడమ తలుపునకు అద్దములోని ప్రతిబింబమువలె ఉండునని ఎవరును హామీ ఇయ్యలేరు.

1908 మొదలు 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైన ఫోర్డు 'టి' కారును చూడుడు. యంత్రము అంతట ఒకటే గాని, తొలి సంవత్సరములలో పైతొడుగులను వేర్వేరు కంపెనీలవారు చేసి పంపిరి. ఒకే యేటి రెండు కార్ల తలుపులు ఒకదానికొకటి పట్టకపోవచ్చును. నేటి నకలుదారుడు వానిలో నొకదానిని మూసగా పట్టి, దానినే అందరికి అమ్మును. ఆ మూసయైనను ఎన్నియో గుంతలలో పడి వంగిన రేకు కావచ్చును!

పోతపనిలో మరియొక మోసము కలదు. కరగిన ఇనుము చల్లారునప్పుడు అడుగునకు సుమారు అంగుళములో ఎనిమిదవ వంతు కుంచించుకొనిపోవును. ఇత్తడి అంతకన్నను ఎక్కువగా. అందుచేత అచ్చు చెక్కు వడ్రంగి ఆ మేరకు పెద్దదైన కొలబద్దను వాడును. ఈ సంగతి తెలియక పాత భాగమునే ఇసుకలో అద్ది పోతపోసినచో పుట్టినది కంటికి అదే, కొలతకు చిన్నది. దూరపు మరల రంధ్రములు రెండింటిలో ఒకటి కలిసిన రెండవది కలియదు.

ఇక నా అపరాధమును చెప్పవలెను. మిత్రునొకని తండ్రిగారి ఫోర్డు 'టి' కారునకు వెనుక మడ్గార్డు లేకుండెను. విదేశమునుండి ఒక నకలు తెప్పించితిమి. దాని రంధ్రములు చట్రమునుండి వచ్చు ఇనుప కొమ్మునకు పావు అంగుళము దూరమున నిలిచినవి. రేకును వంచి సరిచేయు ఓపిక నాకు లేకపోయెను. రంగు చెడునని భయము. నా మాటపైననే కొమ్ము కొనను కోసి, క్రొత్త రంధ్రము పొడిపించితిమి. మడ్గార్డు చక్కగా కూర్చున్నది. ఊరివారందరు మెచ్చిరి.

రెండేండ్లకు వారి పశువుల కొట్టము విప్పించునప్పుడు అటకమీద గడ్డిక్రింద ఆ కారు అసలు మడ్గార్డు దొరకెను. సొట్టలు పడినను గట్టిగానే యున్నది. మిత్రుడు సంతోషముతో దానిని బుజముపై మోసికొని వచ్చి కొమ్మునకు ఆనించి చూచెను. రంధ్రములు కలియలేదు. ఆయన నన్నేమియు అనలేదు; వ్రేలితో కోసినచోటును ఒకసారి తడిమి చూచెను. ఇప్పుడా మడ్గార్డు వారి వసారా గోడకు వ్రేలాడుచున్నది.