అరచేతికి అనుజ్ఞ: వినయపిటకంలో అంగమర్దనం

థాయ్‌లాండ్ మర్దన చికిత్సకులు తమ విద్యకు జీవకుని మూలపురుషునిగా కొలుస్తారు. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో మూడవ రామరాజు కాలాన (1824-1851) దేహరేఖలను చూపే శిలాఫలకాలు వెలిశాయి. 2019లో యునెస్కో ఆ విద్యను మానవాళి అమూర్త వారసత్వంగా గుర్తించింది. అయితే మహావగ్గంలోని జీవకుడు నస్యం ఇస్తాడు, విరేచనం చేయిస్తాడు, కపాలానికి శస్త్రచికిత్స చేస్తాడు. మర్దన చేసినట్లు అందులో లేదు. వినయంలో ఆ పని తోటి భిక్షువుది.

దీనికి బ్రహ్మజాలసుత్తం అడ్డువచ్చినట్లు తోస్తుంది. గౌతముడు వర్జించిన విలాసాలలో ఆ సుత్తం మర్దన, సంవాహనాలను అద్దం, కాటుకల సరసన చేర్చింది. విలాసానికి, ఉపచారానికి మధ్య గీత ఎక్కడ గీశారో చుల్లవగ్గం చూపుతుంది. షడ్వర్గీయ భిక్షువులు స్నానవేళ చెట్లకు, స్తంభాలకు, గోడలకు ఒళ్లు రాసుకొనేవారు. జనులు వారిని మల్లులతో పోల్చి నిందించగా బుద్ధుడు ఆ అలవాటును నిషేధించాడు. ఒళ్లు రుద్దుకొనే పలక, చేతి ఆకారపు కొయ్య సాధనం కూడా నిషిద్ధమైనాయి. తరువాత వార్ధక్యంచేత తన ఒళ్లు తాను రుద్దుకోలేని ఒక భిక్షువు కోసం వస్త్రపు పట్టీకి అనుమతి లభించింది. అప్పటికీ వీపు రుద్దడానికి భిక్షువులు సంకోచించారు. నిషేధాల పరంపర చూసినవారికి ఆ భయం సహజమే. అప్పుడు బుద్ధుడు ‘పుథుపాణికం’, అనగా మామూలుగా చేతితో రుద్దే పద్ధతిని అనుజ్ఞాపించాడు. భిక్షుణుల విషయంలో నియమం మరింత కఠినం: మర్దన చేయించుకొనడం పాచిత్తియ దోషం, వ్యాధి ఉన్నప్పుడు మాత్రం కాదు.

అనుజ్ఞ అంతటితో ఆగక కర్తవ్యమైంది. శిష్యుడు ఉష్ణస్నానగృహమైన జంతాఘరంలోను, నీటిలోను ఉపాధ్యాయునికి పరికర్మ చేయాలి. శిష్యుడు రోగియైతే ఉపాధ్యాయుడే అతనికి అదే పరికర్మ చేయాలి. సంఘంలోని పెద్ద చిన్న వరుస ఇక్కడ తలకిందులవుతుంది. వినయ పరిశోధకులు ఈ భాగానికి ఇంతకంటె ఎక్కువ శ్రద్ధ చూపవలసి ఉన్నది.

సంయుత్తనికాయంలోని జరాసుత్తంలో ఆ చేయి ఆనందునిది. శ్రావస్తి పూర్వారామంలో ఒక సాయంకాలం బుద్ధుడు పడమటి ఎండకు వీపు కాచుకొంటున్నాడు. ఆనందుడు ఆయన అవయవాలను చేతితో నిమురుతూ, చర్మకాంతి మునుపటివలె లేదని, అంగాలు సడలి ముడతలు పడ్డాయని, దేహం ముందుకు వంగిందని ఆశ్చర్యపడ్డాడు. బుద్ధుడు కాదనలేదు. యౌవనంలోనే జరాధర్మం ఉన్నదన్నాడు.