ఆఫ్రికా ప్లెయిన్స్ గేమ్ వేటకు రైఫిల్ కాలిబర్ ఎంపిక

ఆఫ్రికా దక్షిణ భాగంలో వేటగాళ్లు అడవి జంతువులను రెండు తరగతులుగా చెబుతారు. ఏనుగు, కేప్ దున్న, సింహం, చిరుత, ఖడ్గమృగం, నీటిగుర్రం ప్రమాదకర మృగాలు. పచ్చిక బయళ్లలో, ముళ్ల పొదల అడవుల్లో మేసే జింక జాతులనూ చారల గుర్రాలనూ కలిపి ‘ప్లెయిన్స్ గేమ్’ అంటారు. దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే, జాంబియా, టాంజానియాల్లో ఈ జంతువుల వేట లైసెన్సులతో చట్టబద్ధంగా సాగుతోంది. కెన్యా 1977లో వేటను నిషేధించింది. బోట్స్వానా 2014లో ఆపేసి 2019లో మళ్లీ అనుమతించింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇలాంటి వేటకు తావు లేదు.

పెద్ద ప్లెయిన్స్ గేమ్‌కు ఏ కాలిబర్ తగినదన్న వాదన వందేళ్లుగా నడుస్తోంది. .30-06 మొదలు .375 వరకు ఉన్న మధ్యస్థ కాలిబర్లలో ఏదైనా ఈ పనికి సరిపోతుంది. అయితే గుండు గట్టి నిర్మాణం గలదై ఉండాలి, పేల్చేవాడు ఆ రైఫిల్‌కు బెదరకూడదు. జంతువు ఎక్కువసేపు బాధపడకుండా క్షణాల్లో కూలాలన్నదే అసలు గీటురాయి. వేగం, శక్తి, పేరుప్రతిష్ఠలు దాని తర్వాతే చూడాలి.

జంతువుల తీరు

ప్లెయిన్స్ గేమ్ అంతా ఒక్క తూకం కాదు. స్ప్రింగ్‌బాక్ ఇంచుమించు మన కృష్ణజింకంత ఉంటుంది, నలభై కిలోలకు అటూ ఇటూ. ఇంపాలా పోతు అరవై దాకా తూగుతుంది. ఈ రెండింటికీ చిన్న కాలిబర్లు చాలు. ఆ పై జంతువుల దగ్గరే లెక్క మారుతుంది. మెలికల కొమ్ముల గ్రేటర్ కుడు పోతు 200 నుంచి 300 కిలోలు, అంటే బాగా ఎదిగిన మనుబోతుకు సాటి. జెమ్స్‌బాక్ 200 కిలోలు దాటుతుంది. నీలి వైల్డ్‌బీస్ట్ పోతు 250 కిలోల దాకా, చారల గుర్రం 300 కిలోల దాకా ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది ఈలాండ్. పోతు 600 కిలోలు ఉండటం మామూలే, ముదిరిన పోతులు 900 కిలోలకూ చేరతాయి. గొంతు కింద బరువైన గంగడోలుతో అది నడుస్తుంటే ముంగాళ్ల దగ్గర టక్కు టక్కుమని చప్పుడవుతుంది. నిశ్శబ్దంగా ఉన్న పొదల్లో ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది.

బరువొక్కటే కొలత కూడా కాదు. నీలి వైల్డ్‌బీస్ట్‌ను అక్కడివాళ్లు ‘పేదోడి దున్న’ అంటారు. దాని వేటకు ఖర్చు తక్కువ, మొండితనంలో మాత్రం దున్నకు తీసిపోదు. గుండు నాలుగు వేళ్లు పక్కకు తగిలితే గంటల తరబడి నడిచే జంతువది. చారల గుర్రం, జెమ్స్‌బాక్ కూడా అంతే గట్టివి. ఈలాండ్ స్వభావరీత్యా మెతకదే కానీ, దాని దేహం మందం వల్ల గుండు లోపల చాలా దూరం ప్రయాణించాల్సి ఉంటుంది. అందుకే కాలిబర్ ఎంచుకునేవారు జాబితాలో ఈలాండ్ ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. లేకపోతే సమస్య సగం తీరినట్టే.

చరిత్రలో నిలిచిన కాలిబర్లు

1899 నుంచి 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన యుద్ధంలో అక్కడి డచ్ సంతతి రైతులైన బోయర్లు బ్రిటిష్ సైన్యంపై వాడిన మౌజర్ రైఫిళ్ల కాలిబర్ 7×57. యుద్ధం ముగిశాక అవే పొలాల్లో వేట తుపాకులయ్యాయి. ఇదే తూటాను ఇంగ్లండులో రిగ్బీ కంపెనీ .275 రిగ్బీ పేరుతో అమ్మింది. ‘కరమోజో’ బెల్‌గా పేరుపడ్డ డబ్ల్యు.డి.ఎం. బెల్ దీంతో ఏనుగులనే పడగొట్టాడు. చిన్న కాలిబర్‌ను సమర్థించేవాళ్లు ఇప్పటికీ బెల్ పేరు ఎత్తుతారు. అది సరైన సాక్ష్యం కాదు. బెల్ ఏనుగు పుర్రెలను కోయించి మెదడు ఎక్కడుంటుందో చదువుకున్నవాడు, విచ్చుకోని పూర్తి తొడుగు గుండ్లు వాడినవాడు, ఏళ్ల తరబడి వేటే వృత్తిగా బతికినవాడు. వారం రోజుల సెలవు మీద వచ్చిన వేటగాడికి ఆయన దారి పనికిరాదు.

జర్మన్ల పాలనలో ఉన్న నైరుతి ఆఫ్రికాలో, అంటే నేటి నమీబియాలో, మరో తూటా స్థిరపడింది. బెర్లిన్‌కు చెందిన తుపాకుల తయారీదారు ఒట్టో బాక్ 1905లో తెచ్చిన 9.3×62 అది. ఖరీదైన ఇంగ్లిష్ జంట గొట్టాల తుపాకులు కొనలేని వలస రైతుల కోసం, మామూలు మౌజర్ 98 రైఫిల్‌లో ఇమిడేలా దీన్ని రూపొందించాడు. 286 గ్రెయిన్ల గుండును సెకనుకు 720 మీటర్ల వేగంతో పంపుతుంది. గ్రెయిన్ అంటే 0.065 గ్రాము, ఆ లెక్కన గుండు బరువు పద్దెనిమిదిన్నర గ్రాములు. వేగం తక్కువ కాబట్టి మాంసం పెద్దగా పాడవదు, గుండు లోతుగా దిగుతుంది. ఈ వేటకు ఇంతకన్నా పొదుపైన సమాధానం ఎవరూ కనిపెట్టలేదనిపిస్తుంది. దక్షిణాఫ్రికా పొలాల్లో ఇవాళ్టికీ దీనికి ఆదరణ తగ్గలేదు.

1906లో అమెరికా సైన్యం తీసుకున్న .30-06 ఆఫ్రికాకు థియోడర్ రూజ్‌వెల్ట్‌తో వచ్చింది. స్మిత్సోనియన్ సంస్థ కోసం నమూనాలు సేకరించడానికి 1909–10లో తూర్పు ఆఫ్రికా వెళ్లినప్పుడు ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌ను వెంట తీసుకెళ్లాడు. ఆయన తుపాకుల్లో .405 వించెస్టర్ కూడా ఉంది. 1933–34లో ఎర్నెస్ట్ హెమింగ్వే కూడా .30-06నే నమ్ముకున్నాడు. 180 గ్రెయిన్ల గుండు గొట్టం దాటేటప్పుడు సెకనుకు 820 మీటర్ల వేగం, సుమారు 3,950 జౌల్స్ శక్తి దీని లెక్క. కుడు, జెమ్స్‌బాక్, వైల్డ్‌బీస్ట్, చారల గుర్రాలకు ఇది నిండుగా సరిపోతుంది. ఈలాండ్‌నూ పడగొడుతుంది కానీ, గుండు ఎంపికలో ఏమాత్రం రాజీ పనికిరాదు.

లండన్‌కు చెందిన హాలండ్ అండ్ హాలండ్ 1912లో విడుదల చేసిన .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ ఈ వరుసలో పై అంచు. 300 గ్రెయిన్ల గుండుతో దాదాపు 5,800 జౌల్స్ ఇస్తుంది. చాలా దేశాల్లో ప్రమాదకర మృగాలకు కనీస కాలిబర్ ఇదే. ఒకే ప్రయాణంలో దున్న, ఈలాండ్, కుడు మూడూ ఉంటే ఒక్క రైఫిల్‌తో పని జరిగిపోతుంది. 1963 నాటి .300 వించెస్టర్ మాగ్నమ్, 1958 నాటి .338 వించెస్టర్ మాగ్నమ్ ఈ రెండు అంచుల మధ్య కూర్చుంటాయి. 1952లో వచ్చిన .308 వించెస్టర్ .30-06 కన్నా కొద్దిగా మెత్తన, దగ్గరి దూరాల్లో ఆ తేడా తెలియదు. 2007 నుంచి ఉన్న 6.5 క్రీడ్‌మూర్ గురి విషయంలో చక్కనిదే. స్ప్రింగ్‌బాక్, ఇంపాలాల దాకా దానికి వంక పెట్టలేం. ఈలాండ్ భుజం మీద పరీక్షించాల్సిన తూటా మాత్రం కాదు.

గుండే అసలు సంగతి

జంతువును తాకేది కాలిబర్ కాదు, గుండు. అది చర్మాన్ని, కండను, కొన్నిసార్లు భుజపు ఎముకను దాటుకుని గుండెకో ఊపిరితిత్తులకో చేరాలి. దారిలో పుట్టగొడుగులా విచ్చుకుని గాయాన్ని వెడల్పు చేయాలి. అయినా బరువు పోగొట్టుకోకూడదు. పాత రకం గుండులో పలుచని రాగి తొడుగు, లోపల మెత్తని సీసం ఉంటాయి. మాగ్నమ్ వేగంతో యాభై మీటర్లలోని వైల్డ్‌బీస్ట్ భుజాన్ని తాకితే ఇది పైపైనే తునకలైపోతుంది. బయట భయంకరమైన గాయం కనిపిస్తుంది, జంతువు మాత్రం పరుగెత్తిపోతుంది. ఎక్కువ వేగం ఎప్పుడూ మేలేనన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. గుండు బలహీనమైతే అదనపు వేగం దానికే శత్రువు.

1946లో కెనడాలో మూస్ అనే పెద్ద దుప్పి మీద గుండ్లు ఇలాగే విఫలమవడం చూసిన జాన్ నోస్లర్ ‘పార్టిషన్’ గుండును రూపొందించాడు. మధ్యలో రాగి అడ్డుగోడ ఉంటుంది. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కు చెదరకుండా ముందుకు పోతుంది. ఆ తర్వాత సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ గుండ్లు వచ్చాయి. స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ అడ్డుగోడను, అతుకును రెండింటినీ కలిపింది. బార్న్స్ కంపెనీ పూర్తిగా రాగితోనే చేసిన గుండు తెచ్చింది. ఇది రేకుల్లా విచ్చుకుని దాదాపు మొత్తం బరువు నిలుపుకుంటుంది. సీసం లేకపోవడం వల్ల మరో మేలూ ఉంది. వేటాడిన జంతువు పేగులూ మిగులూ పొలంలో వదిలేస్తే రాబందులు తింటాయి. సీసం తునకలు వాటి ఒంట్లో చేరితే విషమే. తెల్లవీపు రాబందులు వేగంగా తగ్గిపోతున్న ఖండంలో ఈ సంగతిని పక్కన పెట్టడం తప్పు.

గుండు పొడవుగా, సన్నగా, బరువుగా ఉంటే లోతుకు దిగుతుంది. బరువును పౌండ్లలో తీసుకుని, అంగుళాల్లోని వ్యాసాన్ని వర్గం చేసి భాగిస్తే వచ్చే సంఖ్యను సెక్షనల్ డెన్సిటీ అంటారు. .375లో 300 గ్రెయిన్ల గుండుకు అది 0.305. వందేళ్ల నాటి 7×57లో 175 గ్రెయిన్ల గుండుకు 0.310. చిన్న మౌజర్ తన స్థాయికి మించి ఎలా పనిచేసిందో ఈ అంకె చెబుతుంది. .30 కాలిబర్లో 180 గ్రెయిన్లకు 0.271 వస్తుంది, పెద్ద ప్లెయిన్స్ గేమ్‌కు అంతకు తగ్గకపోవడం మంచిది.

పూర్తి తొడుగు గుండ్లు ఈ వేటకు తగవు. సన్నని రంధ్రం చేసి అవతలికి దూసుకుపోతాయి, వెనక నిలబడ్డ మరో జంతువును గాయపరుస్తాయి. మందలో ఉన్న చారల గుర్రాన్ని కొట్టేటప్పుడు విచ్చుకునే గుండుతోనైనా ఈ జాగ్రత్త తప్పదు. దాని వెనకాల ఖాళీగా ఉందని చూసుకున్నాకే మీట నొక్కాలి.

ఎక్కడ కొట్టాలి

ఆఫ్రికా జింకల గుండె అమెరికా, యూరప్ వేటగాళ్లు అలవాటు పడ్డ చోటుకన్నా ముందుకు, కిందికి ఉంటుంది. భుజం వెనక డొక్కవైపు గురిపెట్టే అలవాటుతో వచ్చినవాళ్ల గుండు ఊపిరితిత్తుల వెనక అంచుకో కాలేయానికో తగులుతుంది. జంతువు పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముంగాలి వెంటే చూపును పైకి పోనిచ్చి, దేహం ఎత్తులో కిందినుంచి మూడో వంతు దగ్గర ఆపాలి. అదే గుండె చోటు. జెమ్స్‌బాక్ మెడ, మూపు మందంగా ఉండి చూపును పైకి లాగుతాయి. వైల్డ్‌బీస్ట్ జూలూ అంతే. చారల గుర్రం భుజం మీద చారలు కలిసి త్రికోణంలా ఏర్పడతాయి. అనుభవం గల గైడ్లు ఆ త్రికోణాన్నే గురిగా చూపిస్తారు.

ఈ చోట కొట్టాలంటే గుండు భుజాన్ని దాటాలి. గుండు నాణ్యత మీద పట్టుబట్టడానికి కారణం ఇదే.

తన్ను, దూరం, కర్రలు

రైఫిల్ భుజాన్ని తన్నే బలం పెరిగేకొద్దీ గురి చెడుతుంది. .375 తన్ను .30-06 కన్నా ఇంచుమించు రెట్టింపు. ఆ దెబ్బను ఊహించి కళ్లు మూసుకుని మీటను గుంజేవాడికి ఆ అదనపు శక్తి అక్కరకు రాదు. భుజం ఓర్చుకోగలిగిన గరిష్ఠ కాలిబర్ ఎంచుకుని, దాన్ని మూడుకాళ్ల కర్రల మీద ఆనించి నిలబడి పేల్చడం ఇంటి దగ్గరే సాధన చేయాలి. ఆఫ్రికాలో ఎక్కువ షాట్లు ఆ కర్రల మీదనుంచే ఉంటాయి. బెంచీ మీద కూర్చుని సాధించిన గురి అక్కడ అంతగా పనికిరాదు.

ముళ్ల పొదల ప్రాంతంలో దూరం యాభై నుంచి నూట యాభై మీటర్లు. కలహారి, కరూ లాంటి బయళ్లలో రెండు మూడు వందల మీటర్లు ఉండొచ్చు. 200 మీటర్లకు సరిచేసుకున్న .30-06 గుండు 300 మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్లకు పైగా కిందికి జారుతుంది, .375 గుండు ఇంకాస్త ఎక్కువ. బయళ్లలోనే వేటాడేవారికి .300 మాగ్నమ్ ఎంచుకోవడానికి న్యాయమైన కారణం అదొక్కటే. పొదల చాటున ఉన్న జంతువు విషయంలో మాత్రం ఏ కాలిబరూ ఆదుకోదు. ఎంత బరువైన గుండైనా కొమ్మ తగిలితే దారి తప్పుతుంది.

చట్టాలు, ప్రయాణం

నమీబియాలో గొట్టం దగ్గరి కనీస శక్తి చట్టంలోనే రాసి ఉంది. స్ప్రింగ్‌బాక్ లాంటి చిన్నవాటికి 1,350 జౌల్స్, కుడు, జెమ్స్‌బాక్, వైల్డ్‌బీస్ట్, ఈలాండ్‌లకు 2,700, ఏనుగు, దున్నలకు 5,400. జింబాబ్వే ఇంకా కఠినం. కుడు, చారల గుర్రం లాంటివాటికి కనీసం 7 మిల్లీమీటర్ల వ్యాసం, 3,000 జౌల్స్ అడుగుతుంది. ఈలాండ్‌ను సింహంతో పాటు పై తరగతిలో పెట్టి 4,300 జౌల్స్ కోరుతుంది. మామూలు .30-06 తూటాకు ఆ గీత అందదు, .300 వించెస్టర్ మాగ్నమ్‌కు అందుతుంది.

దక్షిణాఫ్రికాకు రైఫిల్ తీసుకెళ్లే విదేశీయులు అక్కడి పోలీసుల దగ్గర తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. విమానాల్లో తూటాలు సాధారణంగా ఐదు కిలోలకు మించి అనుమతించరు. తూటాల పెట్టె దారిలో ఎక్కడో ఆగిపోతే, .30-06, .308, .375 లాంటి వాడుకలో ఉన్న కాలిబర్లకు విండ్‌హోక్‌లోనో ప్రిటోరియాలోనో దుకాణంలో తూటాలు దొరుకుతాయి. అరుదైన కాలిబర్ తెచ్చుకున్నవారు గైడ్ దగ్గరున్న రైఫిల్ అద్దెకు తీసుకోవాల్సి వస్తుంది. చివరిగా ఖర్చు సంగతి: చాలా సఫారీల్లో ఒక్క చుక్క రక్తం నేల మీద పడితే జంతువు దొరికినా దొరక్కపోయినా పూర్తి రుసుము చెల్లించాల్సిందే.