ఐన్‌స్టీన్ పొట్టలో బుడగ నుంచి మా పెదనాన్న సీడీ దాకా

ఈరోజు ఎపిసోడ్ ఒక సీడీతో మొదలుపెడతాను. ఇదిగో, నా చేతిలో ఉంది చూడండి. మా పెదనాన్న సీటీ స్కాన్ సీడీ ఇది. రెండేళ్లు మా బీరువాలో చీరల కింద పడి ఉంది. ఆ కథ చివర్లో చెప్తాను. ముందు చరిత్రలోకి వెళ్దాం.

గుండె నుంచి బయల్దేరి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం బృహద్ధమని. పొట్ట దగ్గర దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు. కొందరికి అక్కడ గోడ బలహీనపడి, పాత సైకిల్ ట్యూబ్ ఒకచోట ఉబ్బినట్టు ఉబ్బుతుంది. 3 సెంటీమీటర్లు దాటితే అన్యూరిజం అంటారు. నొప్పి ఉండదు, చాలామందికి ఉన్నట్టే తెలీదు. పగిలితే మాత్రం ఎక్కువమంది బతకరు. మగవాళ్లలో 5.5 సెంటీమీటర్లకి చేరితే సాధారణంగా ఆపరేషన్ ఆలోచిస్తారు.

1948లో ఐన్‌స్టీన్‌కి కడుపునొప్పి వచ్చి, బ్రూక్లిన్‌లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ పొట్ట తెరిచి చూశాడు. లోపల దబ్బకాయంత ఉబ్బు. తీసేసి కొత్త నాళం పెట్టే పద్ధతి అప్పటికి లేదు. అందుకని నిస్సెన్ దాని చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టాడు. అవునండీ, స్వీట్ బాక్సుకి చుట్టే లాంటిదే. శరీరం దానికి రియాక్ట్ అయి చుట్టూ గట్టి పొర కడుతుందని ఆశ. ఐన్‌స్టీన్ ఇంకో ఆరేళ్లు పైనే బతికాడు. 1955 ఏప్రిల్‌లో అది పగిలింది. ఆ పాటికి ఆపరేషన్ ఉంది, కానీ ఆయన వద్దన్నాడు. ఏప్రిల్ 18న ప్రిన్స్‌టన్‌లో పోయాడు.

ఆ ఆపరేషన్ వచ్చింది 1951లో. పారిస్‌లో షార్ల్ డ్యుబోస్ట్ ఉబ్బిన ముక్క కోసేసి, చనిపోయిన మనిషి నుంచి తీసిన నాళాన్ని అతికించాడు. తర్వాత గుడ్డ గొట్టాలు వచ్చాయి. హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ డాక్రాన్ గుడ్డతో, ఇంట్లో కుట్టుమిషన్ మీద గ్రాఫ్ట్ కుట్టుకున్నాడు. పద్ధతి బాగుంది, కానీ పొట్ట మొత్తం కోయాలి. డెబ్బై ఏళ్ల పెద్దాయన, గుండె వీక్, ఊపిరితిత్తులు వీక్, ఆయన తట్టుకోగలడా?

తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, గ్రాఫ్ట్‌ని మడిచి నాళంలోంచే పైకి పంపితే? ఈ ఆలోచన ఇద్దరికి వచ్చింది. అప్పటి సోవియట్ యూనియన్‌లో, ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదోస్ 1985లోనే కాలికి వెళ్లే నాళంలో స్టెంట్ గ్రాఫ్ట్ పెట్టాడు. 1987లో ఛాతీలోని బృహద్ధమనిలో పెట్టాడు. రాసింది రష్యన్‌లో కావడంతో బయటి ప్రపంచానికి చాలా ఏళ్లు తెలియలేదు. 1990 సెప్టెంబర్‌లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడి, స్టెంట్‌కి పేరుపడ్డ హూలియో పల్మాజ్‌తో కలిసి పొట్ట అన్యూరిజంకి చేశాడు. డాక్రాన్ గొట్టం, దాన్ని గోడకి బిగించి పట్టే లోహపు జాలీ. కుట్టు పని స్టెంట్ చేస్తుందన్నమాట.

ఇక్కడే అసలు చిక్కు. పొట్ట కోస్తే సర్జన్‌కి నాళం కళ్లెదురుగా ఉంటుంది, వేలితో తాకి చూస్తాడు. తొడలోంచి వెళ్తే ఏమీ కనపడదు. కన్నూ వేలూ రెండూ ఇమేజే అవ్వాలి.

రక్తనాళాన్ని ఎక్స్‌రేలో చూడ్డం అప్పటికే పాత విద్య. 1929లో లిస్బన్‌లో రేనాల్దో దొస్ సాంతోస్ వీపులోంచి సూది గుచ్చి, బృహద్ధమనిలోకి మందు ఎక్కించి ఫొటో తీశాడు. కానీ ఆ ఫొటోలో రక్తం పారే దారి ఒక్కటే కనిపిస్తుంది. అన్యూరిజం లోపల గోడకి గడ్డకట్టిన రక్తం పేరుకుంటుంది. మధ్యలో దారి మామూలు సైజులోనే ఉండొచ్చు. అంటే ఫొటో చూసి "బాగానే ఉంది" అనుకునే ప్రమాదం ఉంది.

గోడ కూడా చూపించింది సీటీ. ఈఎంఐ కంపెనీ ఇంజనీర్ గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ యంత్రంతో 1971లో లండన్‌లో మొదటి పేషెంట్‌కి తల స్కాన్ తీశారు. 1979లో ఆయనకీ, అలన్ కార్మాక్‌కీ నోబెల్ వచ్చింది. 1989 ప్రాంతంలో స్పైరల్ సీటీ వచ్చాక ఒక్క ఊపిరి బిగింపులో పొట్టంతా స్కాన్ అయ్యేది.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి నచ్చే భాగం ఇదే. వంకర తిరిగిన గొట్టాన్ని అడ్డంగా కోస్తే కోడిగుడ్డు ఆకారం వస్తుంది, కొలత ఎక్కువ చూపిస్తుంది. అందుకే ప్రోగ్రామ్ ముందు నాళం మధ్యగుండా ఒక గీత గీస్తుంది. ఆ గీతకి నిలువుగా కోసి వెడల్పు, గీత వెంట పొడవు కొలుస్తుంది. గ్రాఫ్ట్ పొడవు ఎక్కువైతే పక్క నాళాలు మూసుకుపోవచ్చు, తక్కువైతే రక్తం కారుతుంది.

ఆ కారడానికి ఎండోలీక్ అని పేరు. చివర్ల దగ్గర కారితే టైప్ 1. పక్క నాళాల నుంచి వెనక్కి వస్తే టైప్ 2. గ్రాఫ్ట్ చిరిగినా, అతుకు ఊడినా టైప్ 3. గుడ్డ రంధ్రాల్లోంచి ఊరితే టైప్ 4. దీన్ని పట్టుకోడానికి సీటీ సాధారణంగా మూడు సార్లు తీస్తారు. మందు లేకుండా ఒకటి, ఎందుకంటే గోడలో కాల్షియం కూడా తెల్లగానే ఉంటుంది, లీక్ అని పొరబడొచ్చు. మందు వెళ్తున్నప్పుడు ఒకటి. కాస్త ఆగి ఇంకోటి, నెమ్మదిగా కారేది అందులోనే దొరుకుతుంది. రేడియేషన్, కిడ్నీల మీద భారం తగ్గించడానికి చాలాచోట్ల కొన్నాళ్లకి అల్ట్రాసౌండ్‌కి మారతారు.

ఇంత చూడ్డం ఎందుకంటే, బ్రిటన్‌లో ఈవార్ 1 అనే ట్రయల్ చేశారు. 30 రోజుల్లో మరణాలు పొట్ట కోసినవాళ్లలో 4.7 శాతం, స్టెంట్ గ్రాఫ్ట్ వాళ్లలో 1.7. సూపర్ కదా? 2016లో 15 ఏళ్ల లెక్క వచ్చింది. ఆ ముందంజ నిలవలేదు. ఏళ్ల తర్వాత సంచి మళ్లీ పగిలి చనిపోయినవాళ్లు స్టెంట్ వైపే ఎక్కువ. జీవితాంతం స్కాన్ చూసుకోవాలని ఆ రిపోర్ట్ తేల్చింది.

ఇప్పుడు సీడీ కథ. మా పెదనాన్నకి హైదరాబాద్‌లో స్టెంట్ గ్రాఫ్ట్ వేశారు. నాలుగో రోజుకి ఇంటికొచ్చి పెరట్లో మొక్కలకి నీళ్లు పోశారు. డాక్టర్ గారు ఏటా స్కాన్ అన్నారు. పెదనాన్న మాత్రం, "ఆపరేషన్ అయిపోయింది కదరా, ఇంకా ఫొటోలెందుకు, డబ్బు దండగ" అన్నారు. ఫోన్‌లో రిమైండర్ పెట్టింది నేను. రెండేళ్లు స్నూజ్ కొట్టింది కూడా నేనే. ఈ ఎపిసోడ్ కోసం చదువుతుంటే ఈవార్ లెక్కలు కనపడ్డాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే బయల్దేరదీశాను.

పాత సీడీ, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టి డాక్టర్ గారు చూపించారు. సంచి 5.8 నుంచి 6.5కి పెరిగింది. కుడివైపు కింద చివర పట్టు జారింది, టైప్ 1. తొడలోంచే ఇంకో ముక్క వేసి సరిచేశారు. పాత సీడీ లేకపోతే పెరిగిందని అంత తేలిగ్గా తెలిసేది కాదు.

నిస్సెన్ సెల్లోఫేన్ చుట్టి పొట్ట మూశాక, లోపల ఏం జరుగుతోందో చూసే దారి ఆయనకి లేదు. మనకి ఉంది. మీ ఇంట్లో ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లుంటే, ఈ వీడియో అయ్యాక ఒక్క పని చేయండి. బీరువా తెరిచి చివరి స్కాన్ తేదీ చూడండి. ఏడాది దాటితే డాక్టర్‌కి ఫోన్ చేయండి. స్నూజ్ మాత్రం కొట్టకండి.