పొగలు కక్కే మంచు

మా మేడ్చల్, షామీర్‌పేట ఫంక్షన్ హాళ్లలో ఇప్పుడు పెళ్లికూతురు తెల్లటి పొగలో నడిచి వస్తోంది. ఆ పొగ చాలాసార్లు డ్రై ఐస్‌దే. పుట్టినరోజులకు ఇళ్లకూ తెస్తున్నారు కాబట్టి దాని కథ తెలిస్తే మంచిది.

ఒకప్పుడు మద్రాసు ఐస్‌హౌస్‌కి అమెరికా నుంచి ఓడల్లో మంచు వచ్చేది. అది కరిగితే నీళ్లే. డ్రై ఐస్ అలా కాదు, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. 1835లో ఫ్రాన్సులో థిలోరియే దీన్ని గమనించారు, 1920లలో అమెరికాలో అమ్మకానికొచ్చింది. మైనస్ 78 డిగ్రీల చలి, కరగకుండా నేరుగా గ్యాసైపోతుంది.

టీకాల ఊళ్లు కదా, ఇక్కడ అన్నిటికీ ఇదే వాడతారనుకుంటాం. కానీ 1997లో మేడ్చల్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్ బి టీకా గడ్డకడితే పనికిరాదు! దానికి 2 నుంచి 8 డిగ్రీలు చాలు. 2021 మే 1న హైదరాబాద్‌లో దిగిన స్పుత్నిక్‌కైతే మైనస్ 18 కావాలి.

2024 మార్చిలో గురుగ్రామ్ హోటల్లో మౌత్ ఫ్రెషనరనుకుని దీన్ని నోట్లో వేసుకున్న ఐదుగురు రక్తం కక్కుకున్నారు. పిల్లల చేతికి అసలివ్వొద్దు. మందపాటి గ్లవ్స్ లేకుండా మనమూ ముట్టొద్దు. థర్మాకోల్ పెట్టెలో, మూత వదులుగా ఉంచాలి. సీసాలో బిగిస్తే పేలుతుంది. ఆ గ్యాసు గాలికన్నా బరువు, నేలమీద పాకే పసివాళ్ల దగ్గరే పేరుకుంటుంది. కారులో తెస్తే అద్దాలు దించండి. మిగిలింది సింకులో వెయ్యకుండా, పిల్లలు ఎక్కని డాబా మీద పెట్టండి. తెల్లారేసరికి చాలావరకు పెట్టె ఖాళీ.