పొరుగువాని క్రొత్తయిల్లు



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మనవారు చెప్పుదురు. ఈ రెండు పనులలో చేయి పెట్టినవానికి ఎన్ని చిక్కులు వచ్చునో ఆ సామెతలో నున్నది. కాని ఆ చిక్కులను చూచి నవ్వుటకు ఎదుటి యరుగుమీద చేరు పొరుగువారి మాట అందులో లేదు. నేటి నా ప్రసంగము ఆ పొరుగువారిని గుఱించినది. ఇల్లు మన ఊరిది కాదు. లండను నగరపు ఉత్తరభాగమున నున్న టాటెన్‌హామ్ హాట్‌స్పర్ అను ఫుట్‌బాలు సంఘమువారిది. నవ్వినవారు అక్కడికి సుమారు నాలుగుమైళ్ల దూరమున నున్న ఆర్సెనల్ సంఘపు అభిమానులు.

టాటెన్‌హామ్ సంఘము 1882లో పుట్టినది. 1899 మొదలు ఆ సంఘమువారు వైట్ హార్ట్ లేన్ అను స్థలమున ఆడుచుండిరి. 2017 మే 14వ తేదీన అక్కడ కడపటి ఆట ఆడి, పాతకట్టడమును పడగొట్టి, అప్పటికే ఆ చెంతనే లేచుచున్న క్రొత్త క్రీడామందిరమును పూర్తి చేయ పూనుకొనిరి. అది సుమారు 62,000 మంది కూర్చుండదగినది. ఇల్లు సిద్ధమగువరకు వెంబ్లీయందలి జాతీయ క్రీడామందిరము వారికి విడిది యయ్యెను. 2018 సెప్టెంబరు 15వ తేదీన లివర్‌పూల్ జట్టుతో ఆడి గృహప్రవేశము చేయవలెనని ముహూర్తము పెట్టుకొనిరి. కాని ఆగస్టు 13వ తేదీన సంఘమువారు ఒక ప్రకటన చేసిరి: ప్రాణరక్షణకు సంబంధించిన ముఖ్యమైన ఏర్పాటులలో లోపములు కనబడినవి, కావున ముహూర్తము తప్పినది. నిప్పును పొగను పసిగట్టి గంట మ్రోగించు యంత్రముల విద్యుత్తీగెలలో దోషములున్నవని పత్రికలు వ్రాసినవి.

ఇంకేమున్నది? ఆర్సెనల్ పక్షమువారికి పండుగ వచ్చినది. మన పల్లెలలో ముహూర్తము తప్పిన పెండ్లివారిని ఎట్లు వేళాకోళము చేయుదురో అట్లే వీరును చేసిరి. ఇల్లు లేనివారనిరి, అద్దెకొంపవారనిరి. అమెరికా దేశపు ఫుట్‌బాలు జట్లు అక్టోబరులో ఆ క్రొత్తమందిరమున ఆడవలసియుండగా, వారి ఆటయు వెంబ్లీకే తరలిపోయెను. ధనికులగు ప్రేక్షకుల కొఱకు అందులో చీజు అను పాలజున్నునకు ప్రత్యేకముగా ఒక గది యుండునని 2017లో పత్రికల కెక్కిన వార్త ఈ యెగతాళికి ఉప్పుకారము లయ్యెను. అక్టోబరు 29వ తేదీన టాటెన్‌హామ్ జట్టు వెంబ్లీలో మాంచెస్టర్ సిటీతో ఆడునప్పటికి, ముందునాడు అదే నేలమీద జరిగిన అమెరికా ఆట గీతలు ఇంకను చెఱగిపోలేదు. ఆ గీతల గజిబిజిలో వారు ఒక్క గోలుతో ఓడిరి. నవ్వువారికి ఇంతకంటె కావలసినదేమి?

అయితే చరిత్ర చదువరికి ఒక దురభ్యాసము కలదు. ఎవరైన నవ్వినచో, వారి తాతముత్తాతల ఇంటి సంగతి యేమని అడుగును. గురివిందగింజ తన నలుపు నెఱుగదని గదా మన పెద్దల మాట. ఆర్సెనల్‌వారి పాతదస్తరములు విప్పి చూతము.

ఆర్సెనల్ పుట్టినది ఉత్తరలండనులో కాదు. థేమ్సు నదికి దక్షిణపు టొడ్డున, వూలిచ్ అనుచోట, రాజ్యపు ఆయుధాగారమున పనిచేయు కార్మికులు 1886లో ఆ సంఘమును స్థాపించిరి. అది ఊరి కొక మూలగా నుండుటచే ప్రేక్షకులు చాలినంత రాకుండిరి, అప్పులు పెరిగెను. 1910లో హెన్రీ నారిస్ అను ధనికుడు ఆ సంఘమును తన చేతులలోనికి తీసికొనెను. 1913లో ఆ జట్టు రెండవశ్రేణికి దిగజారెను. ఆ సంవత్సరమే నారిస్ దానిని నది దాటించి, హైబరీ అనుచోట ఒక క్రైస్తవ విద్యాలయపు మైదానమునకు తెచ్చెను. ఇరువది యొక్క సంవత్సరముల కౌలు; గుడ్‌ఫ్రైడే నాడును, క్రిస్మసునాడును ఆటలాడరాదని నిబంధన. తమ పెరటిలోనికి మఱియొకరు వచ్చి కాపురము పెట్టుచున్నారని టాటెన్‌హామ్‌వారు అడ్డుచెప్పిరి. వారి మాట చెల్లలేదు.

ఆ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన హైబరీలో ప్రథమక్రీడ జరిగెను. అప్పటికి కట్టడము పూర్తికాలేదు. ఆర్సెనల్ పక్షమున ఆ స్థలమున మొదటి గోలు కొట్టిన జార్జి జోబీ అను ఆటగాడు పిమ్మట గాయపడెను. అతనిని చేర్చుటకు తగిన గదియైనను అక్కడ సిద్ధముగా లేదు. పాలవాని బండి నొకదానిని తెప్పించి, అందులో పరుండబెట్టి తీసికొనిపోయిరట! ఆట గెలిచినది ఆర్సెనలే. కాని గృహప్రవేశమునాడు గాయపడినవానిని పాలబండిలో సాగనంపిన ఇల్లు అది. నూఱేండ్ల తరువాత పొరుగువాని గంట మ్రోగలేదని నవ్వినవారు ఆ పాలబండిని తలచుకొన్నచో బాగుండెడిది.

ఈ వైరమునకు మఱియొక మూలము కలదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము, 1919లో, మొదటిశ్రేణిలోని జట్లను ఇరువదినుండి ఇరువది రెండుకు పెంచిరి. యుద్ధమునకు ముందు జరిగిన కడపటి పోటీలలో టాటెన్‌హామ్ మొదటిశ్రేణిలో అడుగున నిలిచినది. ఆర్సెనల్ రెండవశ్రేణిలోనిది, అందులోను పైస్థానములలోనిది కాదు. అయినను వోట్లు తీసినప్పుడు ఆర్సెనల్‌కు 18, టాటెన్‌హామ్‌కు 8 వచ్చినవి. ఆర్సెనల్ పైకెక్కెను, టాటెన్‌హామ్ క్రిందికి దిగెను. ఆ పుండు నేటికిని మానలేదు.

ఇంతవరకు చెప్పినది కలహము. ఇక మఱియొక ప్రక్క చూతము. ఆ యుద్ధకాలముననే ప్రభుత్వమువారు వైట్ హార్ట్ లేన్‌ను తీసికొని, విషవాయువునుండి కాపాడు ముసుగులు తయారుచేయు కర్మాగారముగా మార్చిరి. ఇల్లు పోయిన టాటెన్‌హామ్‌వారు హైబరీలో ఆడుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధమున బండి తిరిగెను. హైబరీ వైమానికదాడులనుండి ప్రజలను రక్షించు దళములకు స్థావరమయ్యెను. దానిమీద బాంబులును పడెను. అప్పుడు ఆర్సెనల్ జట్టు తన ఆటలను ఆడుకొన్నది వైట్ హార్ట్ లేన్‌లోనే. 1945 నవంబరులో రష్యానుండి వచ్చిన మాస్కో డైనమో జట్టుతో ఆర్సెనల్ ఆడిన ప్రసిద్ధమైన ఆట, దట్టమైన మంచులో, ఈ పొరుగింటనే జరిగెను. ఎవరు ఎవరిని ఇల్లు లేనివారనవలెను?

ఈ రెండు ఇండ్లకును పనిచేసిన శిల్పి యొక్కడే యని చెప్పినచో మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. అతని పేరు ఆర్చిబాల్డ్ లీచ్; స్కాట్లండు దేశపు ఇంజనీరు. 1909లో వైట్ హార్ట్ లేన్‌లోని పడమటి కట్టడమును, 1913లో హైబరీ కట్టడమును అతడే రూపొందించెను. కాని అతని జీవితమున ఒక ఘోరమైన దినము కలదు. గ్లాస్గో నగరమున ఐబ్రాక్స్ అను క్రీడాస్థలమున, అతడు వేసిన నమూనా ప్రకారము ఇనుపచట్రముమీద కఱ్ఱపలకలు పఱచి ఎత్తైన మెట్లు కట్టిరి. 1902 ఏప్రిలు 5వ తేదీన స్కాట్లండు, ఇంగ్లండు జట్లు ఆడుచుండగా ఆ పలకలు విఱిగెను. నిలుచున్న ప్రజలు సుమారు నలువది అడుగుల క్రిందికి పడిరి. 25 మంది మరణించిరి; గాయపడినవారు 500కు పైబడిరి.

మఱియొకటి. 1985 మే 11వ తేదీన బ్రాడ్‌ఫర్డ్ నగరమున పాతకాలపు కఱ్ఱకట్టడము క్రింద పేరుకొనియున్న చెత్తకు నిప్పంటుకొనెను. కొలది నిమిషములలో కట్టడమంతయు దగ్ధమయ్యెను. 56 మంది ప్రాణములు పోయెను. ఆ పాతకప్పును తీసివేసి క్రొత్తది వేయుటకు అప్పటికే నిశ్చయించుకొనిరి. ఆనాటి ఆట ఆ ఏటికి కడపటిది. నాలుగేండ్లకు, 1989లో, షెఫీల్డు నగరపు హిల్స్‌బరో మైదానమున జరిగిన త్రొక్కిసలాటలో 97 మంది బలియైరి. దానిపై విచారించిన న్యాయమూర్తి టేలర్ 1990లో ఇచ్చిన నివేదిక ననుసరించి, పెద్దజట్ల మైదానములలో ప్రేక్షకులందఱును కూర్చుండియే చూడవలెనని నియమము వచ్చెను.

ఇప్పుడు కథ మొదటికి వచ్చుచున్నది. నిలుచుండు చోట కుర్చీలు వేసినచో పట్టు జనము తగ్గును గదా. హైబరీలో సుమారు 38,000 మందికి, వైట్ హార్ట్ లేన్‌లో సుమారు 36,000 మందికి మాత్రమే చోటు మిగిలెను. ఇరువురికిని క్రొత్తయిల్లు కావలసివచ్చినది అందుచేతనే. ఆర్సెనల్‌వారు 2006లో సుమారు 60,000 మంది పట్టు మందిరమునకు మాఱిరి. ఆ అప్పు తీర్చు కాలమున వారికి 2005 తరువాత 2014 వరకు పెద్ద బహుమాన మొక్కటియు దక్కలేదు. అప్పుడు నవ్వినవారు టాటెన్‌హామ్‌వారు. 2018లో నవ్వు వంతు మాఱినది, అంతియే. టాటెన్‌హామ్‌వారికి విడిదియైన వెంబ్లీమాత్రము వేళకు లేచినదా? 2006నాటి ఫుట్‌బాలు కప్పు ఫైనలునకు సిద్ధము కావలసిన ఆ మందిరము 2007లో గాని తెఱవబడలేదు.

తుదకు 2019 మార్చిలో రెండుమార్లు పరీక్షగా ఆటలాడించి, గంటలు మ్రోగుచున్నవని, ద్వారములు తెఱచుకొనుచున్నవని తేలిన పిమ్మట, ఏప్రిలు 3వ తేదీన టాటెన్‌హామ్‌వారు గృహప్రవేశము చేసిరి. మొదటి ముహూర్తమునకు సరిగా రెండువందల దినముల ఆలస్యము. క్రిస్టల్ ప్యాలెస్ జట్టుపై రెండు గోళ్లతో గెలిచిరి. మొదటిది కొరియా దేశీయుడు సన్ హ్యుంగ్ మిన్ కొట్టినది. ఆనాడు దాదాపు 59,000 మంది వచ్చి, చూచి, క్షేమముగా ఇండ్లకు తిరిగిపోయిరి. క్షేమముగా తిరిగిపోయిరన్న వార్త ఏ పత్రికయు పెద్దయక్షరములలో వేయదు. ఐబ్రాక్సులోను, బ్రాడ్‌ఫర్డులోను ప్రాణములు కోల్పోయినవారి బంధువులకు మాత్రమే ఆ వార్త విలువ తెలియును.

పొరుగువారి నవ్వు తప్పని నేను చెప్పను. ఎదుటివానిని ఆటపట్టించు సరదా లేనిచో ఆటలో ఉప్పుండదు. తమ జట్టు ఓడినదని, తమ ఇల్లు ఆలస్యమైనదని నవ్వించుకొనుటయు అభిమానికి ఒక ముద్రయే. కాని ఇల్లు కట్టువాడు రెండు విధముల నవ్వులపాలు కావచ్చును: ఆలస్యము చేసి కావచ్చును, తొందరపడి కావచ్చును. మొదటి నవ్వు రెండువందల దినములలో ఆఱిపోయినది. రెండవదానిలో, గ్లాస్గో నగరము నేర్పినట్లు, నవ్వుటకు ఎవ్వరును మిగులరు.