తమ పాటకు తామే యజమానులు: జాజ్ వాద్యకారుల పాట్లు



మీలో పెక్కుమంది యిండ్లలో ఒకప్పుడు గ్రామఫోను పెట్టె యుండియే యుండును. మా తండ్రిగారు సూది మార్చి, పిడి త్రిప్పి, నల్లని ప్లేటు నెక్కించినచో వీథిలోనివారందరును మా యరుగుమీదికి చేరెడివారు. ఆ ప్లేటు అమ్ముడుపోయిన సొమ్ములో పాడినవానికి ఎంత ముట్టినదో ఆనాడు మాలో నెవ్వరును అడుగలేదు. అమెరికాదేశమున ఆ ప్రశ్న నడిగినవారి కథ నేడు మనవి చేసెదను.

అచ్చట లూసియానా రాష్ట్రములో న్యూ ఆర్లియన్సు అను రేవుపట్టణము గలదు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో నల్లజాతివారి నడుమ జాజ్ అను సంగీతము అచ్చట రూపుగట్టినది. మన గాయకుడు కీర్తన నెత్తుకొని మనోధర్మమున స్వరకల్పన సాగించునట్లే, జాజ్ వాద్యకారుడును తెలిసిన వరుస నొకదానిని పట్టుకొని అప్పటికప్పుడు తోచినది వాయించును. నేడు వాయించినది రేపు మరల రాదు. కావున ఈ విద్యకు ప్లేటే తాళపత్రము. అది పరులచేత చిక్కినచో విద్వాంసునకు మిగులునది శూన్యము.

మొదటి జాజ్ ప్లేటు కొరకు 1917 ఫిబ్రవరి 26వ తేదీన న్యూయార్కులో విక్టర్ కంపెనీవారు వాయింపించిరి. వాయించిన యైదుగురును తెల్లవారే. పిదప నల్లవారిని పిలిచిరి గాని, పలుమారు పాటకింత యని రొక్కమిచ్చి పంపివేయుటయే. అమ్మకములో వంతు లేదు. బెస్సీ స్మిత్ అను మహాగాయని 1923 మొదలు కొలంబియా కంపెనీకి నూటయేబదికి పైగా పాటలు పాడెను. ఆ ప్లేట్లు లక్షలుగా అమ్ముడుపోయినను ఆమెకు అమ్మకపు వంతు రాలేదు.

సొంత కంపెనీకి సాహసించిన నల్లజాతివారిలో హారీ పేసు ముఖ్యుడు. 1921లో బ్లాక్ స్వాన్, అనగా నల్లహంస, యను పేర న్యూయార్కులో వ్యాపారము నారంభించెను. ఎథెల్ వాటర్సు పాట తోడనే బాగుగ అమ్ముడుపోయెను. కాని పాడువా రుండినంత మాత్రమున ప్లేటు పుట్టదు. అచ్చొత్తు కర్మాగారము వలయును. పరుల కర్మాగారమును నమ్ముకొనలేక 1922లో పేసు ఒక భాగస్వామితో కలిసి కర్మాగారమునే కొనెను. అంతలో రేడియో వ్యాపించి ప్లేట్ల బేరము తగ్గెను. రేడియోలో కూర్చుండి ఈ మాట చెప్పుట నాకు కొంచెము బిడియముగనే యున్నది! 1923 డిసెంబరులో కంపెనీ దివాలా తీసెను.

మనదేశపు ముచ్చట యొకటి ఇచ్చట చెప్పవలెను. ఆనాటి ప్లేట్లకు లక్క ముఖ్యద్రవ్యము. మోదుగ మొదలగు చెట్లపై పురుగులు పెట్టు ఆ లక్క అధికముగా హిందూదేశమునుండియే పోయెడిది. రెండవ ప్రపంచయుద్ధమున ఓడల రాకపోకలకు చిక్కు కలుగగా, 1942లో అమెరికా ప్రభుత్వము లక్క వాడకమును కట్టడి చేసెను. ఆ యేడే ఆగస్టు 1వ తేదీనుండి వాద్యకారుల సంఘము ప్లేట్లకు వాయించుట మానివేసెను. 1943, 1944 సంవత్సరములలో పెద్ద కంపెనీలు దిగివచ్చి వంతు నొప్పుకొనినవి. అయితే అది సంఘనిధికి చేరెను గాని వాయించినవాని జేబులోనికి నేరుగా రాలేదు.

1952లో చార్లెసు మింగసు అను బాసు వాద్యకారుడును, మాక్సు రోచ్ అను డ్రమ్ము వాద్యకారుడును, మింగసు భార్య సీలియాయు కలిసి డెబ్యూ అను కంపెనీ పెట్టిరి. మరుసటి యేడు మే 15వ తేదీన కెనడాలోని టొరాంటో నగరమున మాసీ హాలులో వీరి కచేరి. తోడుగా శాక్సాఫోనుకు చార్లీ పార్కరు, ట్రంపెట్టుకు డిజ్జీ గిలెస్పీ, పియానోకు బడ్ పవెల్. అయిదుగురును అయిదు శిఖరములే! అయినను సభ నిండలేదు. ఆ రాత్రియే చికాగోలో మార్సియానో, వాల్కాటు అను మల్లుల ముష్టియుద్ధము జరిగెను. జనుల చిత్తము అటు పోయినది. కచేరి పెట్టిన స్థానిక సంఘమువద్ద చాలినంత సొమ్ము లేదు. చెక్కులిచ్చిరి; కొందరి చెక్కులు చెల్లనే లేదు.

మింగసు ఆ రాత్రి పట్టిన టేపులను తనవెంట గొనిపోయెను. ఇంటికి వచ్చి వినగా తన బాసు సరిగా వినబడలేదు. మరల వాయించి దానిపై చేర్చెను. ఇంకొక చిక్కు. పార్కరు అప్పటికే వేరొక కంపెనీకి కట్టుబడియున్నాడు, పేరు వేయరాదు. అందుచేత చార్లీ చాన్ అని మారుపేరు వేసిరి. చాన్ అనునది ఆయన భార్య పేరు. విన్నవారికి ఆ శాక్సాఫోను ఎవరిదో చెప్పనక్కరలేదు గదా!

ప్లేటు వెలువడినది, మరి అమ్మువాడెవడు? ఈ బాధ నాకును అనుభవమే. నేనొక శతకము వ్రాసి అయిదువందల ప్రతులు అచ్చు వేయించి, మా ప్రాంతపు పుస్తక విక్రేత యొకనికి సగము ఇచ్చితిని. అమ్మినవానికి లెక్క చెప్పలేదు, అమ్మనివి తిరిగి యీయలేదు. మిగిలిన కట్టలు మా యటకమీద నున్నవి. చిన్న ప్లేట్ల కంపెనీల స్థితియు నిట్టిదే. అచ్చుకూలి ముందే చెల్లింపవలెను. పంపకదారుడు నెలలు గడిపి సొమ్మిచ్చును. తరువాతి ప్లేటు కూడ జనులు మెచ్చునదైననే పాత బాకీ కదలును. డెబ్యూ 1957లో మూతపడెను. దాని ప్లేట్లు కాలిఫోర్నియాలోని ఫాంటసీ కంపెనీ చేతికి పోయెను. మాసీ హాలు కచేరి మాత్రము నేటికిని అమ్ముడుపోవుచునే యున్నది.

చికాగోలో సన్ రా అను వాద్యబృందనాయకుడు వేరుత్రోవ త్రొక్కెను. అతని సాటర్న్ కంపెనీ ప్లేట్లు కొన్ని నూరు ప్రతులైన నుండవు. బృందమువారే అట్టలపై రంగులు పూసి, కచేరి ముగిసిన పిమ్మట అచ్చటనే విక్రయించుచుండిరి. గాయని బెట్టీ కార్టరు కూడ కంపెనీలతో విసిగి, 1970 ప్రాంతమున సొంత ముద్రతో ప్లేట్లు వేసికొని, 1988లో మరల పెద్ద కంపెనీ గడప నెక్కెను. ఆమెను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు.

2004లో మరియా ష్నైడరు అను స్వరకర్త్రి మన కవులు చందాదారులను కూర్చుకొనినట్లు శ్రోతలనుండి ముందుగనే సొమ్ము గ్రహించి, కాన్సర్ట్ ఇన్ ది గార్డెన్ అను సంపుటమును వెలువరించెను. అంగళ్లలో పెట్టలేదు, ఇంటర్నెట్టు ద్వారా నేరుగా శ్రోతలకే అమ్మెను. 2005లో దానికి గ్రామీ బహుమానము వచ్చెను. అంగడి మెట్టెక్కని సంపుటమునకు ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. నేడు ఇంటిలోనే పాట పట్టి లోకమంతటికి క్షణములో పంపవచ్చును. కాని ఫోనులో ఒకసారి విన్నందుకు విద్వాంసునకు ముట్టునది రూపాయిలో స్వల్పభాగము. ఆమె 2020 నాటి డేటా లార్డ్స్ అను సంపుటమును గూడ ఆ పద్ధతికి అప్పగింపక, కొనగోరువారికి తానే అమ్ముకొనెను.