ఉద్దాన సీమలో బందీల పట్టికలు

పలాస, టెక్కలి, సోంపేట సీమల చరిత్రమును వ్రాయఁగోరువారు దేవాలయ శాసనములను, జమీందారీ దస్తరములను, దొరలు వ్రాసిపోయిన జిల్లా వర్ణనములను వెదకుదురు. ఠాణాలోని అరెస్టు పుస్తకమును, చెఱసాలలోని ఖైదీల పట్టికను వానితో సమానముగా నెంచువారు మిక్కిలి యరుదు. ఈ పుస్తకములలో వంశస్తుతి లేదు, బిరుదావళి లేదు. పేరు, తండ్రిపేరు, గ్రామము, వయస్సు, దేహముపై గుర్తులు, నేరము, తేది: ఇంతియే. అయినను శాసనములలో నెన్నఁడును జోటు దొరకని కూలివాని పేరు, జాలరివాని పేరు, కొబ్బరితోఁట కాపు పేరు వ్రాఁతలోఁ గనఁబడు స్థలములు రెండు మూఁడే కలవు. అందు నిది యొకటి.

వ్యాకరణము చదివినవాఁడను గావున మొదట శబ్దమును విచారించెదను. పాఠకులు క్షమింతురు గాక. ఖైదు శబ్ద మరబ్బీ. ఆ భాషలో నది సంకెలకును బేరు, పుస్తకములో నెక్కించుటకును బేరు. సంస్కృతమునను నిట్టిదే కలదు. బంధ ధాతువు నుండి బంధనాగార శబ్దము పుట్టినది. ‘ని’ యను నుపసర్గము చేరిన యా ధాతువు నుండియే నిబంధ శబ్దము. కౌటిల్యుఁడు అక్షపటలమున నుంచఁదగిన లెక్కల పుస్తకములను నిబంధపుస్తకము లనియెను. మనుష్యునిఁ గట్టుటయు, వాని పేరును వ్రాఁతలోఁ గట్టుటయు నొక్క ధాతువునకే యర్థము లైనవి. శామశాస్త్రిగారు 1915లోఁ బ్రకటించిన యాంగ్లానువాదము ననుసరించినచోఁ గారణము చెప్పక మనుష్యుని నిర్బంధించిన బంధనాగారాధ్యక్షునకు 24 పణముల దండనము. మూలమున నచటఁ బాఠభేదము లున్నవి. ఆ చర్చ వేఱొకచోటఁ జేయఁదగినది.

ఉద్దానమను దేశనామమును గూర్చియు నొక మాట. సంస్కృతమున నుద్దాన శబ్దమునకు బంధన మని యర్థము గలదు. దానిని జూచి యీ సీమకుఁ జెఱ యని యర్థము గల్పించు సాహసము నేను జేయను. విద్య విద్దె యైనట్లు ఉద్యానము ఉద్దాన మైనదని పెద్దలు చెప్పునదియే కొబ్బరి, పనస, జీడి తోఁటల నేలకుఁ దగియున్నది.

ఇఁక ప్రస్తుతము. పట్టికలను వెదకఁబోవువానికి మొదటి చిక్కు జిల్లా మార్పులవలనఁ గలుగును. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడువఱకు ఈ సీమ గంజాము జిల్లాలోనిది. కలెక్టరు కచేరి ఛత్రపురమునను, జిల్లా న్యాయస్థానము బరంపురమునను నుండెడివి. ఆ దినమునుండి యిది విశాఖపట్టణము జిల్లాలోఁ జేరినది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా వేఱుపడెను. ప్రభుత్వ పీఠము సైతము మదరాసునుండి 1953లోఁ గర్నూలునకును, 1956లో హైదరాబాదునకును, పిమ్మట నమరావతికిని నడచినది. కావున నొకే గ్రామమువాఁడు 1930లో నొకసారి, 1940లో నొకసారి, 1969లో నొకసారి పట్టువడెననుకొందము. వాని కాగితములు మూఁడు వేఱు వేఱు కచేరుల పరంపరలోఁ జేరియుండును. మొదటివానికై ఒడిశావైపునను, రెండవవానికై విశాఖపట్టణమునను, చెన్నపట్టణము ఎగ్మూరులోని ప్రాచీన లేఖ్యభాండాగారమునను వెదకవలయును. శ్రీకాకుళమున మాత్రమే వెదకి లేవని తిరిగివచ్చినవారిని నేనెఱుఁగుదును. అట్లు తిరిగివచ్చినవారిలో నేనును నొకఁడను.

గౌతు లచ్చన్నగారి వృత్తాంతము దీనికిఁ దగిన యుదాహరణము. ఆయన 1909లో బారువలోఁ బుట్టెను. 1930 నాఁటి యుప్పు సత్యాగ్రహమునఁ బలాసలోఁ బట్టువడి, టెక్కలి, నరసన్నపేట చెఱలలో నుంచఁబడి, తుదకు బరంపురము చెఱకుఁ బంపఁబడెను. ఒక్క మనుష్యుఁడు, ఒక్క నేరము, మూఁడు చెఱలు. ప్రతి చెఱయందును బ్రవేశపు పట్టిక వేఱు. ఒకటి చెడినను మఱియొకటి సాక్ష్యము పలుకవచ్చును. ఇది చరిత్రకారునకు లాభము.

1940వ సంవత్సర మీ విషయమున మిక్కిలి గొప్పది. మార్చి 26, 27 తేదులలో నఖిల భారత కిసానుసభ పలాసలో జరిగెను. అధ్యక్షునిగా నెన్నికైన రాహుల సాంకృత్యాయనుఁడు సభకు ముందే నిర్బంధింపఁబడుటచే రాలేకపోయెను. బౌద్ధవాఙ్మయమున నసమానుఁడైన యా పండితుని పేరును, ఆ వారములోనే మందసా సీమలోఁ బట్టువడిన రైతుల పేర్లును నొకే తరగతి పుస్తకములలో నెక్కినవి. మందసా జమీందారీలోని రైతులకు నాగళ్లకును, ఇండ్లకును గావలసిన కలప విషయమై యెస్టేటుతో వివాదము ముదిరెను. రైతులు అడవిలోఁ గలపఁ గొట్టిరి. పోలీసువారు గుడారి రాజమణిపురమునకు వచ్చి కొందఱిని బట్టుకొనిరి. గ్రామస్థులు అడ్డగింపఁగా నేప్రిల్ 1న కాల్పులు జరిగెను. గర్భవతియైన సాసుమాన గున్నమ్మయు, మఱి నలువురును మరణించిరి. వీర గున్నమ్మ యని యామెను జనులు నేఁటికిని దలఁచుకొందురు.

ఆ కాలమున నమలులోనున్న 1898 నాఁటి క్రిమినలు ప్రొసీజరు కోడులోని 61, 62 సెక్షనులను జరిత్రకారుఁడు తప్పక చదువవలయును. మొదటిది పట్టువడినవానిని 24 గంటలకు మించి మేజిస్ట్రేటు నాజ్ఞ లేక యుంచరాదనును. రెండవది వారంటు లేక పట్టువడిన వారందఱిని గూర్చి ఠాణా యధికారి మేజిస్ట్రేటునకు నివేదిక పంపవలయుననును. అనఁగా నొక్క యరెస్టునకు ఠాణాలో నొక వ్రాఁతయు, మేజిస్ట్రేటు కచేరిలో నొక వ్రాఁతయు నుండవలెను. ఠాణా పుస్తకము చెదలపాలైనచోఁ గచేరి కట్టలు విప్పవలయును. రైలుస్టేషనులోఁ బట్టువడినవారి పేర్లు కాశీబుగ్గ ఠాణాలో దొరకనిచో రైల్వే పోలీసువారి పుస్తకములు చూడఁదగును.

ఈ కోడు 1974 మార్చి తుదివఱకు నడచినది. కావున 1969 నాఁటి సంగతియు దీనికే లోఁబడును. ఉద్దానమునందలి బొడ్డపాడుకుఁ జెందిన పంచాది కృష్ణమూర్తియు నాతని సహచరులును 1969 మే 27న మరణించిరి. ఎదురుకాల్పులలో మరణించిరని పోలీసువారి ప్రకటనము. సోంపేట రైలుస్టేషనులోఁ బట్టుకొని, పిమ్మటఁ గొండకుఁ గొనిపోయి చంపిరని యుద్యమమువారి వాదము. రెండింటికిని నడుమ నున్నది యొకే ప్రశ్న: అరెస్టు జరిగెనా, లేదా? జరిగియున్నచో వ్రాఁత యుండవలెను. వ్రాఁత లేదు గావున నరెస్టు జరుగలేదని కొందఱందురు.

ఈ యనుమానము నిలువదు. అనుపలబ్ధిని బ్రమాణముగా నంగీకరించిన మీమాంసకులే దానికొక నియమము పెట్టిరి. ఉండినచోఁ దప్పక కనఁబడఁదగిన వస్తువు కనఁబడనప్పుడే దాని యభావము సిద్ధించును. వెలుతురులోఁ గడవ కనఁబడనిచోఁ గడవ లేదు. చీఁకటిలోఁ గనఁబడనిచో నేమియుఁ జెప్పరాదు. ఏ పక్షముమీఁద నారోపణ మున్నదో యా పక్షము చేతిలోనే యుండిన పుస్తకము చీఁకటిలోని కడవ వంటిది. దానియందుఁ బేరు లేకుండుటచే నరెస్టు జరుగలేదనియుఁ దేలదు, జరిగెననియుఁ దేలదు.

పాణిని మతమున నుండవలసినది కానరాకుండుట లోపము. ప్రత్యయము లోపించినను దానివలనఁ గలుగవలసిన కార్యము నిలుచుననియు నాయనయే చెప్పెను. ఈ న్యాయము చరిత్రకారునకు మిక్కిలి యుపకరించును. పట్టికలోఁ బేరు లోపించియుండవచ్చును. కాని యరెస్టు జరిగియుండినచో దాని కార్యములు మిగులును: బంధువులు పంపిన తంతివార్త, వకీలు వేసిన యర్జీ, నాఁటి పత్రికలోని రెండు పంక్తులు, స్టేషనులోఁ జూచినవారి మాట. వీనిని గూడఁబెట్టి చూడవలయును. ఎవరికై యెవరు వెదకిరో తేదులతోఁ దెలిసినచో, ఆ తేది మే 27నకు ముందా వెనుకా యనునది చాలవఱకుఁ దేలును.

అరెస్టును గోప్యముగా నుంచుటవలనఁ గలుగు నపాయమును న్యాయస్థానము కాలక్రమమున గుర్తించెను. డి.కె. బసు వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1996 డిసెంబరు 18న నిచ్చిన తీర్పు ప్రకారము అరెస్టు పత్రమును దేది, గంటలతో వ్రాసి సాక్షిచేతను, పట్టువడినవానిచేతను సంతకము చేయింపవలయును. ఒక బంధువునకో మిత్రునకో తెలుపవలయును. 12 గంటలలోఁ గంట్రోలు రూమునకు వార్త పంపి యచటి నోటీసు బోర్డుమీఁద నుంచవలయును. తరువాత నిది 41-సి సెక్షనుగాఁ గోడులోఁ జేరి 2010 నవంబరు 1 నుండి నడచెను. 2024 జూలై 1 నుండి నమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 37వ సెక్షను పట్టువడినవారి పేరు, చిరునామా, నేరస్వభావములను బ్రతి ఠాణాలోను జిల్లా కేంద్రములోను బ్రకటింపుమని విధించుచున్నది. కాశీబుగ్గలోఁగాని టెక్కలిలోఁగాని తనవాఁడెక్కడ నున్నాఁడో తెలియని తల్లి యిప్పుడు చట్టముపేరు చెప్పి యడుగవచ్చును. పురాతన విషయములకు 2005 నాఁటి సమాచారహక్కు చట్టము తోడ్పడును. 20 ఏండ్లు గడచిన సంగతులకు దానిలోని మినహాయింపులు పెక్కు వర్తింపవు. ప్రాణ స్వేచ్ఛలకు సంబంధించిన యర్జీకి 48 గంటలలో నుత్తర మీయవలయును.

ప్రకటనము మితిమీఱుటయుఁ గలదు. అమెరికాలోఁ బెక్కు కౌంటీలలో షెరీఫులు చెఱకుఁ దెచ్చినవారి ఛాయాచిత్రములను సయితము అంతర్జాలములోఁ బెట్టుదురు. వానిని దిగుమతి చేసికొని, తీసివేయుటకు సొమ్మడుగు వ్యాపారులును బయలుదేఱిరి. అరెస్టు నేరనిర్ణయము గాదు. విడుదలయైనవాఁడు బ్రదికియుండఁగాఁ బట్టికలోని పేరును గ్రంథమున నచ్చువేయువారు తీర్పును గూడఁ జూచి వ్రాయవలయును.

తుదకు మందసా సంగతి. గున్నమ్మ పేరు కొఱకు ఖైదీల పట్టికను జూచుట వ్యర్థము. ఆమె చెఱకుఁ బోలేదు. ఆమెయు, మఱి నలువురును మరణవిచారణ కాగితములలో నుండవలసినవారు. పట్టువడిన రైతులు చెఱ పట్టికలలో నుండవలసినవారు. విశాఖపట్టణము జిల్లా 1940 ఏప్రిల్ కట్టలలో నీ రెండు తరగతులను వేఱువేఱుగా వెదకి, రాజమణిపురములోని ముసలివారి నోటి పేర్లతోఁ బోల్చి చూచు పని మందసా, సోంపేట పాఠశాలల పండితులు చేయఁదగినది. ఒరియా, తెలుఁగు రెండును జదువ నేర్చినవా రొకరు తోడున్నచో మేలు. ఈ సీమ పేర్లను గుమాస్తాలు ఒకచోట నొకవిధముగను, వేఱొకచోట వేఱొకవిధముగను వ్రాసిరి.